కాఫీ కళ్లంలో తీర్పు

తెల్లవారేసరికి పెరట్లో రెండో పొయ్యి రాజుకుంది.

ఫల్గుణ వెనక గడపలోనే నిలబడిపోయాడు. పశువుల పాక పక్కన మూడు రాళ్లు పేర్చి, వాటి మీద చిన్న గిన్నె పెట్టి, చెల్లెలు కనక వంగి ఊదుతోంది. మంచుకి తడిసిన కట్టెలు. పొగంతా ఆమె మొహానికే కొడుతోంది. ఇంట్లో పొయ్యి మాత్రం బూడిద ఎత్తేసి, శుభ్రంగా అలికి ఉంది, ఇక దానితో తనకి పని లేదన్నట్టు.

"అత్తా, రెండు నిప్పులు ఇటియ్యి. నాన్నకి టీ పెడతాను," అంటూ కూతురు భాను గరిట చాపింది.

కనక చెయ్యి అడ్డం పెట్టింది. "దీన్లోది ముట్టుకోకు. గూట్లో అగ్గిపెట్టుంది. నీ పొయ్యి నువ్వెలిగించుకో."

"నా పొయ్యేటి? అది మన పొయ్యి కాదా?"

కనక గిన్నెలో చోడి అంబలి తిప్పింది. ఒక్క మనిషికి సరిపడా ఉందంతే.

భాను తండ్రి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "నాన్నా, అత్త మన్నుంచి వేరు పడిపోయిందా?"

ఫల్గుణ జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పి, పోయినేడే ఇంటికొచ్చిన మనిషి. ఏ ప్రశ్నకైనా రెండు పేజీల జవాబు రాయించగలడు. ఈ ప్రశ్నకి ఒక్క వాక్యం దొరకలేదు.

భాను తల్లి పోయిననాడు, ఏడుస్తున్న పసిదాన్ని చంకనెత్తుకున్నది కనకే. దించాల్సిన వయసు దాటిపోయాక కూడా దించలేదు. ఆనాటి నుంచి ఈ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగిన పొద్దు లేదు.

జేబులో ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. నిన్న సాయంత్రం నుంచి అది అలా మోగుతూనే ఉంది.

తీసి చూశాడు. 'అద్భుతం మాస్టారూ! సాహిత్యం ప్రజల దగ్గరికి వెళ్లడమంటే ఇదీ!' ఇంకొకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఎవరో ఒకావిడ, 'ఆ నీలం చీర ఆమె తల వంచుకుని వినే తీరు చూశారా, ఎంత ఏకాగ్రత!' అని రాసింది.

ఏకాగ్రత!

నిన్నటిదాకా ఈ ఫోను జేబులో మోగితే అతనికి మనసులో చిన్న గర్వంగా ఉండేది. ఇప్పుడు అది మోగినప్పుడల్లా ఎవరో వెనకనుంచి వీపు మీద తడుతున్నట్టుంది.

భాను ఇంకా జవాబు కోసం చూస్తోంది.

"నిన్నటి సంగతి మనసులో పెట్టుకుందేమో," అన్నాడు.

"నిన్న ఏమైందని? నవ్వుకున్నాం గదా అందరం."

అవును. నవ్వుకున్నారు. అదే కదా.

*

కాఫీ పళ్లు కోసి, ఎండబెట్టి, తొక్క తీశాక ఊళ్లో ఆడవాళ్లంతా ఫల్గుణ కళ్లంలోనే కూర్చుని గింజలు ఏరుతారు. చేటల్లో పోసుకుని నల్లవి ఓ పక్కకి, పురుగు తిన్నవి ఓ పక్కకి. చేతులకి పని ఉంటుంది, చెవులకి ఉండదు. అందుకని భాను సెలవులకి వచ్చినప్పుడల్లా ఒక నవల పట్టుకుని చదివి వినిపిస్తుంది. ఏ నవలో ఫల్గుణే చెబుతాడు.

కథ వినేటప్పుడు ఎవరో ఒకరు 'ఊ' అనాలి. లేకపోతే కథ చెప్పేవాళ్లకి ముందుకు సాగదు. ఈ కళ్లంలో ఆ పని మొదటినుంచీ కనకది. ఆమె ఊ అంటేనే భాను పేజీ తిప్పుతుంది.

పోయినవారం విజయనగరం నుంచి సర్వేశ్వరరావు ఫోన్ చేశాడు. ఆయనా రిటైరైన లెక్చరరే, పాఠకుల కోసం ఫోన్లో ఒక గ్రూపు నడుపుతాడు. "ఈ మధ్య వచ్చిన నవలల్లో మంచివి నాలుగు చెప్పండి మాస్టారూ. కుటుంబం, కష్టం, మనిషి నేనెవరని తన్ను తాను వెతుక్కోవడం, వీటి మీద ఉండాలి. ఊరికే పేర్లు కాదు, ఎందుకు చదవాలో చెప్పాలి."

ఫల్గుణ మూడింటిని వెంటనే చెప్పేశాడు. రిజర్వాయరు కింద ఊరు మునిగిపోతే, అడ్రసు అడిగిన ప్రతి ఆఫీసులోనూ నీళ్లలోకి వేలు చూపించే మనిషి కథ ఒకటి. పేరు మార్చుకుని పట్నంలో నర్సుగా బతికే అమ్మాయిది ఇంకొకటి. చెరుకు కొట్టే ముగ్గురు అక్కచెల్లెళ్లది మూడోది.

నాలుగోది నీలం అట్ట పుస్తకం. అందులో రమ్య అనే పిల్ల, మొగుడి దెబ్బలు పడలేక, రెండేళ్ల కొడుకుని అత్తింట్లో వదిలేసి రాత్రికి రాత్రి వెళ్లిపోతుంది. రొయ్యల ఫ్యాక్టరీలో చేరుతుంది. కొడుకు పెద్దవాడయ్యాక వెతుక్కుంటూ బయలుదేరుతుంది.

ఈ నాలుగోదాన్ని ఊరికే మాటల్లో చెప్పడం ఎందుకు, ఇక్కడి ఆడవాళ్లు ఎలా వింటున్నారో చూపిస్తే బావుంటుందనిపించింది. నిన్న మధ్యాహ్నం ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. రమ్య ఇల్లు వదిలే ఘట్టం అవగానే భానుని ఆపి, తరగతిలో అడిగినట్టే అడిగాడు.

"మరి ఆమె చేసింది తప్పా, ఒప్పా? మన ఊళ్లో అయితే ఏం తీర్పు చెబుతారు?"

గంగ నోరు ఊరుకుంటుందా? ఫల్గుణకి వరసకి మరదలు, ఊళ్లో ఏ పెళ్లిలోనైనా ముందు వినిపించే గొంతు ఆమెదే. "తీర్పంటే పెద్దల్ని కూసోబెట్టి తగువు పెట్టాల బావా! పెద్దలేరీ?"

"మనమే పెద్దలం!" అన్నారు ఎవరో. నవ్వులు.

గంగ చేట బోర్లించి దాని పక్కన గొంతుక్కూర్చుంది. పైట తీసి తలకి పాగాలా చుట్టింది. ఊరి పెద్ద యర్రయ్య గొంతు పెట్టి దగ్గింది. "పిలవండి ఆ రమ్యని!"

"రమ్య పుస్తకంలో ఉన్నాదే!"

"పుస్తకంలో ఉంటే దాని తరపున ఊ అనడానికి ఎవురో ఒకరు ఉండాల గదా. కనకొదినుంది. వదినా, అలాగ నిలబడు."

కనక నిలబడింది. అందరూ నవ్వుతుంటే తనూ కొంచెం నవ్వింది. ఫల్గుణ ఫోను కొంచెం దగ్గరగా తెచ్చాడు.

"తప్పు కింద మేకపోతుని ఇచ్చుకోవాల," అంది గంగ.

"ఊ."

"కొడుకున్న ఊరికి ఒక పూట కూడు పెట్టాల."

"ఊ."

"ఆ కొడుకు ముందర నిలబడి, 'నిన్నొగ్గీసి ఎల్లిపోయినాను' అని నోటితో సెప్పాల."

కనక వెంటనే అనలేదు. తల కిందకి వంచింది. చేటలో గింజలు కూడా ఆగిపోయాయి.

"ఊ," అంది.

ఎంత బాగుందా దృశ్యం అనుకున్నాడు ఫల్గుణ. ఫోను ఆపేసి, వీడియో వెళ్లేంత సిగ్నల్ కోసం రోడ్డు వైపు వెళ్లి, అక్కడికక్కడే పంపించేశాడు.

*

"ఇందులో తప్పేముంది నాన్నా?" అంది భాను.

చెప్పక తప్పదు. అరుగు మీద కూర్చున్నాడు. కూతురి మొహం చూడకుండా చెప్పాడు.

"మీ అత్తకి కొడుకున్నాడు."

భాను నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది.

"ముంచింగిపుట్టు అవతల ఒక ఊళ్లో. పేరు భీముడు. నేను విశాఖపట్నంలో చదువుకుంటున్నప్పటి సంగతి. ఆ మొగుడు తాగి వచ్చి కట్టెలతో కొట్టేవాడు. ఒకరోజు కొండల మీదుగా నడిచి వచ్చేసింది. తగువు పెట్టారు. బిడ్డ తండ్రి వంశానికే చెందుతాడని తేల్చారు. మనిషి వచ్చింది, బిడ్డ రాలేదు. ఆ తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. తెలిసినవాళ్లు చాలామంది పోయారు. గంగకి తెలీదు, వాళ్లెవరికీ తెలీదు."

"నీకు తెలుసు."

"ఆ."

"తెలిసే ఆ పుస్తకం చదవమని నాకిచ్చావా?"

"మంచి పుస్తకం కదమ్మా..."

"నాన్నా! అది చదువుతున్నప్పుడు నీకు అత్త గుర్తు రాలేదా?"

వచ్చింది. ఎందుకు రాలేదు? రమ్య గుమ్మం దాటే పేజీ దగ్గర పుస్తకం మూసి, చాలాసేపు కనక గురించే ఆలోచించాడు. ఇలాంటి కథలు పదిమందికీ తెలియాలనుకున్నాడు. కనక గుర్తొచ్చింది. ఆ కళ్లంలో కనక కూడా కూర్చుని వింటుందని మాత్రం గుర్తు రాలేదు. తన ఇంటి మనిషి కష్టం పుస్తకంలోకి ఎక్కేసరికి, ఆ మనిషి ఇంట్లోనే ఉందన్నది మరిచిపోయాడు.

ఈ మాట కూతురికి చెప్పుకోలేకపోయాడు.

భాను తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్లి, గూట్లో అగ్గిపెట్టె తీసి, పొయ్యి వెలిగించి, టీ పెట్టి తెచ్చి అతని పక్కన ఉంచింది. చేతికివ్వలేదు. అయినా పంచదార ఎప్పటిలాగే తక్కువ వేసింది.

ఆ తక్కువ పంచదారకి ఫల్గుణ కళ్లు చెమర్చాయి.

*

రోడ్డు దాకా వెళ్లి సర్వేశ్వరరావుకి ఫోన్ చేశాడు.

"మాస్టారూ! నేనే చేద్దామనుకుంటున్నాను," ఆయన గొంతు పండగలా ఉంది. "మన గ్రూపు మొత్తం మీ గురించే మాట్లాడుకుంటోంది. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఒకటే అడుగుతున్నారు. ఆ నీలం చీర ఆవిడ ఎవరండీ? పాత్రలో ఎంత లీనమైపోయారు!"

"అది తీసెయ్యండి సార్."

"ఏది?"

"ఆ వీడియో. తీసెయ్యండి."

"అదేంటి మాస్టారూ! మీరే కదా పంపారు. అందులో అభ్యంతరం ఏముంది? పైగా ఎంత సహజంగా..."

"ఆవిడ మా చెల్లెలు."

"అయితే మరీ సంతోషం! ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి."

ఎందుకు తీసెయ్యాలో చెప్పాలంటే కనక కథ ఇంకో మనిషికి చెప్పాలి. ఒకసారి చేసిన పని చాలదా?

"ఆవిడకి ఇష్టం లేదండి," అన్నాడు.

"ఆవిడతో చెప్పి తీయలేదా?"

ఫల్గుణ రోడ్డు పక్క సిల్వర్ ఓక్ చెట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. మిరియాల తీగల మీదనుంచి మంచు చుక్కలు రాలుతున్నాయి.

"సరే మాస్టారూ, ఇప్పుడే తీసేస్తాను," సర్వేశ్వరరావు గొంతు మారింది. ఇంకేమీ అడగలేదు. ఆ మాత్రం మర్యాదకి ఫల్గుణ మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. "కాని ఒక్క మాట. నిన్న రాత్రే నలుగురైదుగురు వేరే గ్రూపులకి పంపారు. అవి నా చేతిలో లేవు."

*

అతను తిరిగొచ్చేసరికి కళ్లంలో గంగ ఒక్కతే ఉంది. మిగతావాళ్లకంటే ముందే వచ్చేసింది. చంకలో చేట, చేతిలో గుమ్మడికాయ.

"బావా, ఆ రమ్య సంగతి ఏటయ్యింది? రాత్రంతా నిద్ర నేదు నాకు. మా ఆయన్ని లేపి సెప్పినాను. 'ఎవులా రమ్య, మన సుట్టమా' అని అడిగినాడు," అని నవ్వింది. "ఇగో, గుమ్మడికాయ. కనకొదినకి పులుసంటే ఇష్టం గదా. ఏదీ ఆవిడ?"

అంటూ పెరట్లోకి తొంగి చూసింది. పశువుల పాక పక్కన పొగ.

"ఎవరి పొయ్యి బావా అది?"

"కనకది."

"ఇంట్లో పొయ్యికేటయ్యింది?"

"ఏమీ అవలేదు. తన పొయ్యిలోంచి నిప్పు ఇవ్వదు, ఇంట్లోది తీసుకోదు. కోపం వచ్చింది గంగా. నా మీద."

గంగ మొహంలో నవ్వు నెమ్మదిగా పోయింది. గుమ్మడికాయ కింద పెట్టింది. తనూ దాని పక్కనే కూలబడింది.

"నువ్వు నిన్న మధ్యలో ఎల్లిపోయినావు గదా," అంది. "ఫోను పట్టుకుని."

"అయితే?"

"నువ్వెల్లినాక, భాను కూడా నీళ్లకని లోపలికెల్లినప్పుడు, నేనింకో మాటన్నాను. నవ్వులాటకే బావా! మా తాత తగువుల్లో అనేవోడు, అది గుర్తొచ్చి అనేసినాను. 'తప్పు తీరేదాకా నీ నిప్పు ఒకరికి వొద్దు, ఒకరి నిప్పు నీకొద్దు' అని."

"కనక?"

"ఊ అన్నాది."

పశువుల పాకలో దూడ అరిచింది. గంగ నోటికి పైట అడ్డం పెట్టుకుంది.

"అది పుస్తకంలో మనిషికి కదా బావా! ఆ రమ్యకి కదా నేనన్నది! కనకొదినకి ఏటి సంబంధం?" అని, అతని మొహం చూసి ఆగిపోయింది. అతను చెప్పక్కర్లేకపోయింది. ఆమే అంది, చిన్న గొంతుతో. "ఓలమ్మో. నిలబడమని కూడా నేనే అన్నాను."

"అడిగింది నేను గంగా. నువ్వు కాదు."

పొద్దుటినుంచీ తన మీద కోపమనుకుంటున్నాడు. కోపమైతే బతిమాలుకోవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. కనకకి ఎవరి మీదా కోపం లేదు. తనకి పడిన శిక్షని తను అనుభవిస్తోంది, అంతే.

*

గంగే ముందు పరుగెత్తింది. "వదినా! నా నోరు పడిపోనూ! అది కథే! కథలో మాట! నేను తీసేసుకుంటన్నాను. యర్రయ్య మామని పిలుసుకొస్తాను, ఆయన సేత కొట్టించేద్దాం ఆ మాట."

కనక పాకలోంచి మేకపోతుని తోలుకొస్తోంది. చెవుల దగ్గర తెల్ల మచ్చ ఉన్నది. బిడ్డలా పెంచుకున్నది.

"ఎందుకే ఏడుపు?" అంది గంగతో. "నువ్వేటి తప్పుగా సెప్పినావు? నా తగువులో ఆనాడు ఎవరూ నన్నడగనేదు. మా నాన్న ఊ అన్నాడు, మా మామ ఊ అన్నాడు. నన్ను ఒక్కరూ అడగనేదు. నిన్నే మొదటిసారి నన్ను నిలబెట్టి అడిగినారు. ఊ అన్నాను."

"అది రమ్యని కనకా," అన్నాడు ఫల్గుణ. "నిన్ను కాదు."

"ఎవుర్నైతే ఏటి అన్నా. నోరు నాది."

అతను దగ్గరికి వెళ్లాడు. మాటలు వెతుక్కున్నాడు. "తప్పు నాది. నేనా పుస్తకం ఇవ్వకూడదు. నిన్ను అందరి ముందూ... పైగా ఫోన్లో తీసి పంపించాను. నలుగురూ చూశారు."

"నాను కనబడతన్నానా అందులో?"

"ఆ."

"మొకం కనబడతాదా?"

"కనబడతాది."

కనక మేక తాడు చేతికి చుట్టుకుంది, విప్పింది. సిగ్గుతో ఫల్గుణ చెవులు కాలిపోయాయి. ఈ ఒక్క మాటకైనా కసురుకుంటుందని చూశాడు.

"ఎవుల్నీ తప్పు పట్టను గానీ అన్నా," అంది చివరికి, "ఆ పుస్తకం నాకు ముందు నువ్వొక్కడివీ సదివి సెప్పుంటే బాగుండును. ఇంట్లో. పొయ్యి దగ్గిర."

అంతే అంది.

ఫల్గుణ తల దించుకున్నాడు. ఎంతమందికి ఎన్ని పుస్తకాలు చెప్పాడు! విజయనగరంలో మొహం తెలియనివాళ్లకి కూడా చెప్పాడు. ఇంట్లో ఉన్న మనిషికి ఒక్క పుస్తకం చెప్పాలని తట్టలేదు.

"వేళయింది. సంత జీపు వస్తాది," అంది కనక. ఇవాళ ముంచింగిపుట్టు సంత. అక్కడ దిగి, సాయంత్రానికి భీముడి ఊరు చేరుకోవచ్చు.

"నేనూ వస్తాను."

"నువ్వొద్దు. అన్న వచ్చినాడంటే తగువుకొచ్చినాడనుకుంటారు. మాటా మాటా పెరుగుద్ది. ఆడమనుషులమే ఎల్తాం. నీ కూతుర్ని పంపు."

"వాళ్లు నిన్ను రానిస్తారో లేదో కనకా. ఆ మొగుడు..."

"ఆడు పోయినాడు. సంతలో సెప్పుకున్నారు. ఇప్పుడు నా గుంటడిదే ఇల్లు. పెళ్లయిందంట. కాఫీ ఏసినాడంట కొండ మీద." ఆమె ఇన్నాళ్లూ సంతకి వెళ్లి ఉప్పూ పసుపూ మాత్రమే తెస్తోందనుకున్నాడు అతను. "ఉండమంటే ఉంటాను. పొమ్మంటే... అప్పుడు సూద్దాం."

"ఉండమంటే?" భాను గొంతు. ఎప్పుడొచ్చి నిలబడిందో. "అంటే ఇంక రావా?"

కనక మేనకోడలి మొహం చూడలేకపోయింది. "గుంటా, నువ్వు పెద్దదానివైపోయినావు. సదువుకున్నావు. ఆడికి నాను రెండేళ్లే..."

మాట పూర్తి చెయ్యలేదు. భాను వెళ్లి ఆమె చేతిలో మేక తాడు తీసుకుంది. ఏడుపు మొహంతోనే, "పద. బట్టలు సర్దుకొస్తాను," అంది.

*

రోడ్డు మీద జీపు ఆగింది. టాపు మీద పనసకాయలు, లోపల కోళ్ల గంపలు. డ్రైవరు వరహాలరావు మేకని చూసి, "దీనికి ఫుల్ టికెట్టేనా పిన్నీ?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఇంజన్ ఆపేసి, తొందరపెట్టకుండా, దిగి టైరు చూస్తున్నట్టు వంగాడు. మంచి కుర్రాడు.

మేకని ఎక్కించారు. గంగ గుమ్మడికాయ కూడా ఎక్కించింది. "మీ కోడలికి ఇయ్యి వదినా," అంది. కోడలు అనే మాట వినగానే కనక పెదాలు కదిలాయి.

కనక ఎక్కబోయి ఆగింది. వెనక్కి వచ్చింది. ఎవరికీ వినబడకుండా అన్న దగ్గరగా నిలబడింది.

"అన్నా. ఆ పుస్తకం నిన్న సగంలో ఆగిపోయింది గదా. నువ్వు మొత్తం సదివినావా?"

"చదివాను."

"ఆ రమ్య... కొడుకు దగ్గిరికి ఎల్లిందా చివరికి?"

"వెళ్లింది."

"ఆ గుంటడేటన్నాడు?"

పుస్తకంలో కొడుకు తలుపు తీస్తాడు. ఎవరో దారి తప్పి వచ్చారనుకుని మంచినీళ్లిస్తాడు. రమ్య నీళ్లు తాగి, గ్లాసు ఇచ్చేసి, పేరు చెప్పకుండా వెళ్లిపోతుంది. తలుపు మూసుకుంటుంది. అంతే. 'పాఠకుడికి అబద్ధపు ఓదార్పు ఇవ్వకపోవడమే ఈ నవల గొప్పతనం' అని సర్వేశ్వరరావుకి తనే రాశాడు. ఆ వాక్యం రాసినప్పుడు బాగా రాశాననుకున్నాడు.

కనక అతని నోటికేసి చూస్తోంది. పొయ్యి పొగకి ఎర్రబడ్డ కళ్లు. రమ్య ఏం చేసిందో అలాగే చేస్తానన్నట్టు, రమ్యకి ఏం దొరికిందో తనకీ అదే దొరుకుతుందన్నట్టు.

"అమ్మా అన్నాడు," అన్నాడు ఫల్గుణ.

"నిజంగా?"

"చూడగానే పోల్చుకున్నాడు. అమ్మా అని... చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు."

కనక మొహం విచ్చుకుంది. ఆ మొహం అతను ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు, ఆ పెళ్లికి ముందు, ఎప్పుడైనా చూశాడేమో.

"అవునా!" అంది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది. గబగబా జీపు ఎక్కింది. ఎక్కి కూర్చుని, అక్కడినుంచే కేకేసింది. "గుంటా! ఆ నీలం అట్ట పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది, బేగి తెచ్చుకో! తోవ పొడుగు గదా. మిగతాది సదివి ఇనిపిద్దువు. ఆ గుంటడు అమ్మా అన్నకాడి దాకా సదవాల!"

భాను ఇంకా కిందే ఉంది. మెల్లిగా తండ్రి వైపు తిరిగింది. ఆ పుస్తకం ఆమె నిన్న రాత్రే ఆఖరి పేజీ దాకా చదివేసింది. చదివి, 'ఇదేం ముగింపు నాన్నా, ఇంత దయ లేకుండా' అని అడిగింది కూడా. దయ లేకపోవడమే నిజమమ్మా అని అతనే చెప్పాడు.

ఫల్గుణ కళ్లు తిప్పుకున్నాడు.

ఆమె ఇంట్లోకి వెళ్లింది. వచ్చింది. పుస్తకం గుండెకి ఆనించి పట్టుకుని ఎక్కి, అత్త పక్కన కూర్చుంది. వరహాలరావు ఇంజన్ స్టార్ట్ చేశాడు. కనక మేక మెడ నిమురుతూ, చిన్నపిల్లలా, "మొదలెట్టు, మొదలెట్టు," అంటోంది.

భాను పుస్తకం తెరిచింది. ఒక్క అక్షరం చదవకుండా తల ఎత్తి, రోడ్డు మీద నిలబడ్డ తండ్రిని సూటిగా చూసింది.

"ఎక్కడిదాకా చదవమంటావు, నాన్నా?"

అతను నోరు తెరిచేలోగా జీపు కదిలింది.